ఉదజనికి చోటెక్కడ?

కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థుల అధ్యయన తరగతిలో నేను గతితర్కం గురించి మాట్లాడవలసి వచ్చింది. విరుద్ధాల ఐక్యత అన్న సూత్రానికి ప్రకృతిలోంచి ఒక ఉదాహరణ కావాలి. రసాయనశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి గనక నేను పెద్దగా వెతుక్కోనక్కర లేకపోయింది. "ఉదజనిని చూడండి. ఒక ఎలక్ట్రానును వదులుకుని సోడియంలాగా ప్రవర్తిస్తుంది. ఒక ఎలక్ట్రానును లాక్కుని క్లోరినులాగా ప్రవర్తిస్తుంది. లోహస్వభావమూ, అలోహస్వభావమూ ఒకే పరమాణువులో కలిసి ఉన్నాయి. అందుకే ఆవర్తన పట్టికలో దానికి స్థిరమైన చోటు లేదు" అన్నాను. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది.

తరగతి ముగిశాక బి.యస్‌సి. చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, క్లోరిను కూడా అంతే కదండీ? ఉప్పులో ఎలక్ట్రానును తీసుకుంటుంది. పెర్‌క్లోరేటులో లెక్క ప్రకారం తన ఏడు ఎలక్ట్రాన్లనూ ప్రాణవాయువుకు అప్పగిస్తుంది. మరి క్లోరిను చోటు గురించి ఎవరూ తగాదా పడలేదేమండీ?" అని అడిగింది. నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ అమ్మాయి మర్యాద కొద్దీ తల ఊపింది.

ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీ పడ్డ జవాబు. ఆ జవాబు కోసం ఉదజని చరిత్ర తిరగేస్తే నేను చెప్పిన రసాయనం అరకొర అనీ, నేను వాడిన గతితర్కం అంతకన్నా అరకొర అనీ తెలియవచ్చింది.

ఉదజని అన్న మన మాటకూ, హైడ్రోజన్ అన్న యూరపు మాటకూ అర్థం ఒకటే: నీటిని పుట్టించేది. 1766లో దాన్ని శ్రద్ధగా పరిశీలించిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు కావెండిష్ దాన్ని మండే గాలి అన్నాడు. లోహం మీద ఆమ్లం పోస్తే పుడుతుంది గనక అది లోహంలోంచే బయటికి వస్తున్నదని ఆయన నమ్మాడు. అది మూలకమనీ, ప్రాణవాయువుతో కలిసి నీరవుతుందనీ తేల్చి దానికి ఇప్పటి పేరు పెట్టినవాడు లావోయిసియే. అంటే బారసాల కాకముందే ఉదజనికి లోహాలతో చుట్టరికం అంటగట్టారన్నమాట. ఆ చుట్టరికం ఆ తరవాత ఒక శతాబ్దం పాటు వదల్లేదు.

పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో రసాయనశాస్త్రాన్ని ఏలినవాడు స్వీడన్ దేశస్థుడు బెర్జీలియస్. ప్రతి సంయోగ పదార్థంలోనూ ఒక ధనవిద్యుత్ భాగమూ, ఒక రుణవిద్యుత్ భాగమూ ఉంటాయనీ, ఆ రెంటి ఆకర్షణే పదార్థాన్ని నిలబెడుతుందనీ ఆయన సిద్ధాంతం. ఉదజని ధన పక్షం, క్లోరిను రుణ పక్షం. 1830ల చివర పారిస్‌లో డ్యూమా ఎసిటిక్ ఆమ్లంలోని మూడు ఉదజని పరమాణువుల స్థానంలో మూడు క్లోరిను పరమాణువులను ప్రవేశపెట్టాడు. వచ్చిన కొత్త పదార్థం కూడా ఆమ్లమే, పాతదానికి అన్నివిధాలా తోబుట్టువే. ధన పక్షం వాడి కుర్చీలో రుణ పక్షం వాడు కూర్చున్నా ఇల్లు కూలలేదు! బెర్జీలియస్‌కు ఇది మింగుడు పడలేదు. (ఆయన శిష్యుడు వోలర్ 1840లో ఒక మారుపేరుతో పరిహాసంగా ఒక లేఖ రాశాడు. ఒక పదార్థంలోని పరమాణువులన్నిటినీ వరసగా తీసేసి క్లోరినుతో నింపినా దాని గుణం మారలేదట! గంభీరమైన పత్రికే దాన్ని అచ్చువేసింది.) మొత్తానికి నవ్వినవాళ్ళ సిద్ధాంతమే వెనకబడింది. సేంద్రియ రసాయనంలో ఉదజని ఉన్నచోటల్లా క్లోరిను కూర్చోగలదన్నది నిలిచింది.

అయినా లోహవాదులు వదల్లేదు. లండన్‌లో టంకశాల అధిపతిగా పనిచేసిన థామస్ గ్రేహం 1860ల చివర పల్లాడియం అనే లోహం తన పరిమాణానికి కొన్ని వందల రెట్లు ఉదజనిని పీల్చుకుంటుందని చూపాడు. ఇత్తడిలో రాగీ తుత్తునాగమూ కలిసినట్టు ఇక్కడ రెండు లోహాలు కలిశాయని ఆయన భావం. ఉదజని అంటే సులభంగా ఆవిరైపోయే ఒక లోహపు ఆవిరి మాత్రమేనని ఆయన నమ్మి, దాని లోహరూపానికి హైడ్రోజీనియం అని పేరు పెట్టాడు. ఆ మిశ్రమంతో పతకాలు కూడా పోయించాడు.

ఇటువంటి వాతావరణంలో మూలకాలను వరసలో పెట్టే ప్రయత్నాలు మొదలయినాయి. ఇక్కడ ఒక విషయం చూడాలి. ముగ్గురు మనుషులు, దాదాపు ఒకే దశాబ్దం, దాదాపు ఒకే సమాచారం. అయినా ఉదజని విషయంలో ముగ్గురూ మూడు దార్లు పట్టారు. ఇంగ్లండులో న్యూలండ్స్ 1865లో సంగీత స్వరాల్లాగా ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉంటుందంటూ ఉదజనిని ఫ్లోరిన్, క్లోరిన్ల వరసలో పెట్టాడు. మరుసటి ఏడు లండన్ రసాయన సంఘంలో ఆయన ఈ సంగతి చదివితే, అకారాది క్రమంలో పెట్టి చూశారా అని ఒక ఆచార్యుడు ఎకసెక్కెం చేశాడు. జర్మనీలో లోథర్ మయర్ 1864లో వేసిన పట్టికలో ఉదజనే లేదు.

మూడోవాడు మెండెలియెవ్. 1869 మార్చి 1న (రష్యా పాత పంచాంగం ప్రకారం ఫిబ్రవరి 17న) ఆయన వేసిన మొట్టమొదటి పట్టికను మన విద్యార్థులు ఎప్పుడైనా చూశారో లేదో. అందులో లిథియం, సోడియం, పొటాషియం ఒక అడ్డవరసలో ఉన్నాయి. ఉదజని వాటితో లేదు. రాగి, వెండి, పాదరసం ఉన్న వరసకు ఎదురుగా, దూరంగా, ఒంటరిగా ఉన్నది. రెండేళ్ళు గడిచి 1871 పట్టిక వచ్చేసరికి అది మొదటి కుటుంబానికి తలమీదికి ఎక్కింది. ఈ రెండేళ్ళలో ఉదజని ఏమీ మారలేదు. మారింది మెండెలియెవ్ అడిగిన ప్రశ్న. కొత్త పట్టికలో ఆయన మూలకాలు ప్రాణవాయువుతో ఏ నిష్పత్తిలో కలుస్తాయన్నదాన్ని కుటుంబానికి గుర్తుగా తీసుకున్నాడు. సోడియం రెండు పరమాణువులకు ప్రాణవాయువు ఒకటి, నీటిలోనూ అంతే. పైగా ఆమ్లంలో ఉదజని ఉన్నచోట సోడియం చేరితే లవణం అవుతుంది. ఈ ప్రశ్న వేస్తే ఉదజని చోటు మొదటి కుటుంబమే, సందేహం లేదు. కాని ఆ పట్టికలో మొదటి అడ్డవరస యావత్తూ ఉదజని ఒక్కటే! పక్కన ఆరు గళ్ళు ఖాళీ.

ఆ ఖాళీ కొందరిని బాధించింది. 1895లో రామ్సే భూమి మీద హీలియంను కనిపెట్టాక తగాదా మళ్ళీ రేగింది. మెల్‌బోర్న్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడైన ఆర్మ్ మాసన్ 1896లో ఉదజనిని తెచ్చి ఫ్లోరిన్ పైన పెట్టాలన్నాడు. అది వాయువు, దాని అణువులో రెండు పరమాణువులు ఉంటాయి, సేంద్రియ పదార్థాల్లో క్లోరినుతో చోటు మార్చుకుంటుంది. ఈ పక్షానికి బలమంతా వీటిలోనే ఉన్నది. రెండేళ్ళకు, 1898లో, డ్యూవర్ ఉదజనిని మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవం చేశాడు. మరుసటి ఏడు గడ్డ కట్టించాడు. గ్రేహం నమ్మిన లోహం ఇప్పుడు మెరుస్తూ బయటపడాలి గదా! వచ్చింది మంచులాంటి గడ్డ. ఇకమీదట దీన్ని అలోహాల్లోనే లెక్కించాలని డ్యూవర్ తేల్చాడు.

ఆ అలోహపక్షానికి గట్టి సాక్ష్యం 1920లో దొరికింది. నీటిలోకి విద్యుత్తు పంపితే ఉదజని రుణధ్రువం దగ్గర వస్తుందని ప్రతి హైస్కూలు విద్యార్థికీ తెలుసు. లిథియం, ఉదజని కలిసిన పదార్థంలో ఉదజని రుణవిద్యుత్తును మోస్తుందనీ, అది ధనధ్రువానికి పోవాలనీ అమెరికాలో లూయిస్ ఆలోచన. మోయర్స్ అనే జర్మన్ ఆ పదార్థాన్ని కరిగించి విద్యుత్తు పంపితే ఉదజని నిజంగానే ధనధ్రువం దగ్గర బుడగలై వచ్చింది. 1922లో బార్డ్‌వెల్ కాల్షియం పదార్థంతో అదే చూపాడు.

నేను ఆ అధ్యయన తరగతిలో చెప్పిన మాట ఇక్కడిదాకానే వచ్చి ఆగింది. రెండు వేపులకూ పోతుంది, కాబట్టి రెండు వేపులదీను అని. కాని ఆ అమ్మాయి ప్రశ్నకు ఇది జవాబు కాదు. క్లోరిను సంగతి అట్లా ఉంచి, సోడియమే తగిన పరిస్థితులు కల్పిస్తే ఎలక్ట్రానును పుచ్చుకుంటుందని 1974లో అమెరికాలో డై స్ఫటికాలతో సహా చూపాడు. అయినా సోడియంను క్లోరిన్ కుటుంబంలో పెట్టాలని ఎవరూ అనలేదు. ఇచ్చిపుచ్చుకోడం లోకంలో అందరికీ ఉన్నదే. ఉదజనికి ప్రత్యేకమైనది మరొకటి ఉండాలి.

అది చాలా చిన్న లెక్క. పరమాణు కేంద్రకం చుట్టూ మొదటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లకే చోటున్నది. తరవాతి అడ్డవరసల్లో ఎనిమిదిని లెక్కించాలి. ఎనిమిది ఉన్న వరసలో ఒక ఎలక్ట్రాను ఉన్నవాడు (లిథియం) ఒక కొసన, నిండడానికి ఒకటి తక్కువైనవాడు (ఫ్లోరిన్) దాదాపు ఆ కొసన, సగం నిండినవాడు (కార్బన్) మధ్యన. ఈ ముగ్గురూ ఒకరికొకరు దూరంగా ఉంటారు గనక వాళ్ళ గుణాలు కలగాపులగం కావు. రెండే చోట్లున్న వరసలో ఏమవుతుంది? ఒకటి అంటే మొదటిది. రెండుకు ఒకటి తక్కువ అన్నా ఒకటే. రెండులో సగం అన్నా ఒకటే. మూడు కుటుంబాల గుర్తులు ఒకే పరమాణువు మీద పడ్డాయి. వరస పొట్టిది కావటంచేత వచ్చిన చిక్కు ఇది. ఇందులో మార్మికమైనది ఏమీ లేదు.

దీనికి ఇంకొకటి కలపాలి. సోడియం ఎలక్ట్రానును వదిలితే లోపల మరి పది ఎలక్ట్రాన్లు మిగిలి ఉంటాయి, అది మర్యాదగా ఒక అయానుగా తిరుగుతుంది. ఉదజని తనకున్న ఒక్కటీ వదిలితే మిగిలేది నగ్నమైన కేంద్రకం, పరమాణువులో లక్షోవంతు వెడల్పు కూడా లేనిది. అది నీటిలో ఒంటరిగా నిలవలేదు, వెంటనే ఒక నీటి అణువును పట్టుకుంటుంది. కాబట్టి "సోడియంలాగా ఎలక్ట్రానును వదులుతుంది" అన్న మాట కాగితం మీద నిజం, గాజుసీసాలో సగం నిజం.

అంకెలు చూస్తే మన పాఠాలు ఇంకా చిత్రంగా కనిపిస్తాయి. ఎలక్ట్రానును ఊడబెరకటానికి కావలసిన శక్తి ఉదజనికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. లిథియంకు 5.4, సోడియంకు 5.1 చాలు. క్లోరినుకు 13.0. అంటే ఇవ్వటంలో ఉదజని క్లోరినంత పిసినారి! మరి పుచ్చుకోడంలో? బయటి ఎలక్ట్రానును తీసుకున్నప్పుడు వెలువడే శక్తి క్లోరినుకు 3.6, ఉదజనికి 0.75, లిథియంకు 0.62. పుచ్చుకోడంలో అది లిథియం అంత ఉదాసీనం. ఇచ్చేది గనక సోడియంలాటిది, పుచ్చుకునేది గనక క్లోరిన్‌లాటిది అని నేను చెప్పిన పాఠానికి సరిగ్గా తలకిందులు. కొలత చూడకుండా గుణం గురించి మాట్లాడితే ఇట్లాగే అవుతుంది.

పరమాణు భారం బదులు కేంద్రకంలోని విద్యుదావేశమే మూలకాల వరసకు ఆధారమని 1913లో మోస్లే నిరూపించాక ఈ తగాదా ముగిసి ఉండాలని మనకు తోస్తుంది. (రెండేళ్ళకు, 27 ఏళ్ళ వయసులో, ఆయన్ను గలిపోలీ యుద్ధరంగానికి పంపి చంపుకున్నారు. సామ్రాజ్యాల యుద్ధం విజ్ఞానానికి చేసిన నష్టాల పట్టీలో ఈ పేరు పైనే ఉంటుంది.) వరస స్థిరపడ్డమాట నిజమే. ఉదజని ఒకటి, హీలియం రెండు, లిథియం మూడు. దాన్ని ఎవరూ కదల్చలేరు. కాని వరసను ఎక్కడ విరిచి కిందికి దించాలి, ఎవరి కింద ఎవరు రావాలి అన్నది వేరే ప్రశ్న. ఎలక్ట్రాన్ల అమరికే ప్రమాణమంటే ఉదజని లిథియం పైన రావాలి. సరే. అదే న్యాయం ప్రకారం రెండు ఎలక్ట్రాన్ల హీలియం బెరీలియం పైన రావాలి కదా? 1928 ప్రాంతాల ఫ్రెంచివాడు షార్ల్ జానే ధైర్యంగా అట్లాగే పెట్టాడు. మన గోడల మీది పట్టికల్లో మాత్రం హీలియం ఆ కొసన, దేనితోనూ కలవని వాయువుల పైన కూర్చుని ఉంటుంది. దాని ప్రవర్తన చూసి అక్కడ పెట్టారు. ఉదజనిని ఎలక్ట్రాన్ల లెక్కతోనూ, హీలియంను ప్రవర్తనతోనూ, పక్కపక్క మూలకాలను రెండు తూకాలతో తూచి ఒకే గోడకు తగిలించాం. ఈ మాట ఎన్ని తరగతి గదుల్లో చెబుతున్నారు?

ఈ శతాబ్దంలో కూడా వాదం సద్దుమణగలేదు. 2003లో క్రోనిన్ అనే అమెరికన్ ఉదజని కార్బన్ పైన ఉండాలని రాశాడు. ఎలక్ట్రాన్లను తనవేపు లాక్కునే బలం పాలింగ్ కొలత మీద ఉదజనికి 2.20, కార్బనుకు 2.55, లిథియంకు 0.98 కాబట్టి ఆ వాదన తీసిపారెయ్యదగ్గది కాదు. అదే ఏడు కేజ్, ఆట్కిన్స్ ఇద్దరూ దాన్ని ఏ కుటుంబంలోనూ కలపకుండా పట్టిక నడినెత్తిన విడిగా పెట్టమన్నారు. ఎరిక్ షెరి పరమాణు సంఖ్యల త్రయాలను పట్టుకుని, 1కీ 17కీ సరిగ్గా మధ్యది 9 గనక ఉదజని, ఫ్లోరిన్, క్లోరిన్ ఒక కుటుంబం కావచ్చునన్నాడు. అంతర్జాతీయ రసాయన సమాఖ్య తన పట్టికలో ఉదజనిని మొదటి కుటుంబపు గడిలో పెట్టి, 2005 నాటి నియమావళిలో మాత్రం దాన్ని క్షారలోహాల్లోంచీ, ప్రధాన కుటుంబాల లెక్కలోంచీ మినహాయించింది. ఇంట్లో గది ఇచ్చి రేషను కార్డులో పేరు ఎక్కించనట్టు.

అధిక పీడనంలో ఉదజని లోహమవుతుందన్నది మరో సంగతి. 1935లో విగ్నర్, హంటింగ్టన్ దీన్ని లెక్కకట్టి రెండున్నర లక్షల వాతావరణాల పీడనం చాలునేమో అనుకున్నారు. 2020లో ఫ్రాన్సులో లుబేర్ బృందం ఆ ఆనవాళ్ళు చూడటానికి దాదాపు 42 లక్షల దాకా పోవలసి వచ్చింది. బృహస్పతి గర్భంలో ఉదజని ద్రవలోహంగా ఉన్నదని శాస్త్రజ్ఞుల అంచనా. గ్రేహం బతికి ఉంటే సంతోషించేవాడే. అయితే అంత ఒత్తిడిలో లోహమయ్యేవి ఇతర అలోహాల్లోనూ ఉన్నాయి గనక దీనివల్ల గడి తగాదా తీరదు.

ఇదంతా చదివి, "చూశారా, పట్టికలన్నీ మనిషి కల్పితాలు, ఎవరికి తోచినట్టు వారు పెట్టుకోవచ్చు" అనేవాళ్ళు బయలుదేరతారు. దీనికి నేను ఒప్పుకోను. 13.6 అన్నది ఎవరి ఇష్టాయిష్టాలమీదా ఆధారపడలేదు. మొదటి కక్ష్యలో రెండే చోట్లన్నది మనం వేసిన ఓటు కాదు. మూలకాల మధ్య చుట్టరికాలు మనతో నిమిత్తం లేకుండా ఉన్నాయి. అవి ఒకటి కన్నా ఎక్కువగా ఉండి, కాగితానికి రెండే దిక్కులుండటంచేత మనం ఎంచుకోవలసి వస్తున్నది. ఏ ప్రశ్నకు జవాబుగా ఎంచుకున్నామో చెప్పకుండా పట్టికను వేదవాక్యంగా అప్పగించడమే పొరపాటు.

ఆ పొరపాటు మన శిబిరంలో లేదని అనటానికి వీల్లేదు. ఎంగెల్స్ తన ప్రకృతి గతితర్కం రాతప్రతుల్లో మెండెలియెవ్‌ను మెచ్చుకున్నాడు. పరిమాణం గుణంగా మారుతుందన్న సూత్రాన్ని ఆయన తెలియకుండానే ప్రయోగించి, నెప్ట్యూన్‌ను కాగితం మీద లెక్కగట్టిన లెవెరియేకు సమానమైన పని చేశాడని ఎంగెల్స్ భావం. 1875లో గాలియం దొరికి మెండెలియెవ్ జోస్యం ఫలించిన రోజులవి. ఆ మెప్పు సబబైనదే. కాని ఎంగెల్స్ మెచ్చుకున్నది ఒక పరీక్షకు నిలిచిన జోస్యాన్ని. నేను ఆ తరగతిలో చేసినదో? ఒక సూత్రం చేతిలో పట్టుకుని, దానికి తగిలించటానికి ఒక మూలకాన్ని వెతికాను. ఆ సూత్రం ఉదజని గురించి అంతకుముందు తెలియనిది ఒక్క ముక్కా చెప్పలేదు. ఈ పుస్తకం ఇంగ్లీషులో 1940లో వచ్చినప్పుడు ముందుమాటా, వివరణలూ రాసిన హాల్డేన్ (1957లో మన దేశానికి వచ్చి 1964లో భువనేశ్వర్‌లో పోయాడు) కాలం చెల్లిన విషయాలకు సవరణలు చేర్చాడు. అభిమానం ఆయనకు అడ్డురాలేదు.

మెండెలియెవ్‌నే చూడండి. ఆయన చివరి రోజుల్లో ఎలక్ట్రాన్ల మాట గాని, మూలకాలు రేడియో ధార్మికత వల్ల మారిపోతాయన్న మాట గాని నమ్మలేకపోయాడు. 1902లో ఈథర్ గురించి ఒక వ్యాసం రాసి, ఉదజని కన్నా తేలికైన రెండు మూలకాలు ఉండి తీరాలన్నాడు. ఒకదాని భారం 0.4. మరొకటి ఉదజనిలో దాదాపు పది లక్షలోవంతు. దానికి న్యూటన్ పేరు పెట్టాలని సూచించాడు. ఖాళీ గళ్ళు చూపించి లోకాన్ని గెలిచిన మనిషి లేని గళ్ళు గీసుకున్నాడు. పట్టిక అదే, పద్ధతీ అదే. కాని గాలియం విషయంలో చుట్టూ ఉన్న మూలకాలు నాలుగు వేపులనుంచీ సాక్ష్యం చెప్పాయి. ఉదజనికి పైన సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు ఈ చర్చ మన పిల్లల దాకా వస్తుందా అన్నది మిగిలింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదో తరగతి విజ్ఞానశాస్త్రం పుస్తకంలో మూలకాల వర్గీకరణ అని ఒక అధ్యాయం ఉండేది. అందులో ఉదజనికి స్థిరమైన చోటు ఇవ్వలేమని ఒప్పుకుంటూనే, క్షారలోహాలతోనూ హాలోజన్లతోనూ దాని పోలికలు చూసి మీరే చోటు చెప్పండి అని పిల్లలకు ఒక అభ్యాసం ఇచ్చారు. కోవిడ్ తరవాత చదువు భారం తగ్గించే పేరుతో ఆ అధ్యాయాన్ని తీసేశారు. 2023 నాటి పుస్తకంలో అది లేదు. పదకొండో తరగతిలో ఉన్నది గదా అని సమాధానం. పదకొండులో సైన్సు తీసుకోని పిల్లల మాటేమిటి? జీవపరిణామం పాఠం పోయినప్పుడు మనవాళ్ళు గొంతెత్తారు, ఎత్తవలసిందే. దీన్ని అంతగా పట్టించుకోలేదు.

నన్నడిగితే ఉదజనిని విడిగా నెత్తిన పెట్టడం కన్నా లిథియం పైనే ఉంచి తగాదా యావత్తూ చెప్పడం మేలు. విడిగా పెడితే అది చట్టానికి లోబడని జమీందారు అయిపోతుంది, ప్రశ్న మాయమవుతుంది. నేనిప్పుడు పాఠం చెప్పేటప్పుడు అట్టముక్క మీద ఉదజని అని రాసి బల్లమీద పెడతాను, బోర్డు మీద దాని గడి తప్ప మిగతా పట్టికంతా వేసి, 13.6, 0.75, 2.20 అన్న మూడు అంకెలు పక్కన రాసి ఊరుకుంటాను. పోయినసారి ఎక్కువమంది లిథియం పైన పెట్టారు, ఇద్దరు ఫ్లోరిన్ పైన. వెనక బెంచీ కుర్రాడొకడు వచ్చి కార్బన్ పైన అంటించి, ఎందుకో చెప్పబోతుండగా గంట కొట్టారు. మర్నాడు వాడితోనే మొదలుపెట్టించాను.